నేపియర్ గడ్డికి పొలం కౌలుకు అడుగుతున్నారు: చమురు కంపెనీల మాట ఎన్నేళ్లు నిలుస్తుంది?

కనిగిరి రైతుబిడ్డ:

అందరికీ నమస్కారం. మాది కనిగిరి ప్రాంతంలో ఒక మెట్ట గ్రామం. మా నాన్నగారి పేరిట పదకొండు ఎకరాలు ఉన్నాయి. అందులో నాలుగెకరాలకు బోరు నీళ్లు అందుతాయి, మిగిలినదంతా వర్షం మీద ఆధారపడిన కంది, ఆముదం భూమి. గత నెలలో ఇద్దరు మా ఇంటికి వచ్చి, బయోగ్యాస్ తయారీకి నేపియర్ గడ్డి (ఏపుగా పెరిగే పశుగ్రాసం) పెంచుతామనీ, మొత్తం పొలాన్ని ఇరవై ఏళ్లకు పైబడిన కౌలుకు ఇవ్వమనీ అడిగారు. వారు ఏ సంస్థ తరఫున వచ్చారో ఇక్కడ రాయడం నాకు ఇష్టం లేదు. ఒప్పందం నకలు ఇచ్చి వెళ్లమంటే మాత్రం, సంతకాల రోజున చూపిస్తామన్నారు.

2025 ఏప్రిల్ 2న పీసీపల్లి మండలం దివాకరపల్లిలో రిలయన్స్ వారి కంప్రెస్డ్ బయోగ్యాస్ (శుద్ధి చేసి, ఒత్తిడితో నింపే బయోగ్యాస్) ప్లాంటుకు శంకుస్థాపన జరిగినప్పటి నుంచి మా వైపు ఇదే చర్చ. రాష్ట్రమంతటా రూ.65,000 కోట్లతో 500 ప్లాంట్లు పెట్టేందుకు అంతకు ముందు నవంబరులోనే ప్రభుత్వంతో ఒప్పందం కుదిరింది. బీడు భూముల్లో గడ్డి పెరిగి, పిల్లలకు ఊరి దగ్గరే ఉద్యోగాలు దొరికితే అంతకంటే కావలసింది ఏముంటుంది? అయితే జీవితమంతా పెట్రోలు, డీజిలు అమ్మిన పెద్ద కంపెనీలు ప్రపంచమంతటా ఇప్పుడు గడ్డి, ఊక, వాడేసిన వంటనూనె వెంట ఎందుకు పడుతున్నాయో నాకు సరిగా అర్థం కావడం లేదు. ఈ ఆసక్తి ఇరవై ఏళ్లు నిలిచేదేనా? నాన్నగారి వయసు అరవై ఎనిమిది. సంతకం ఆయనది, తరువాత దానితో బతకవలసింది నేను. ఈ రంగం తెలిసినవారు దయచేసి చెప్పండి.

విశ్రాంత ఉద్యోగి, నెల్లూరు:

బాబూ, నేను ముప్పై మూడేళ్లు చమురు మార్కెటింగ్ రంగంలో పనిచేసి విరమించాను. నీ ప్రశ్నలో రెండు ప్రశ్నలు ఉన్నాయి కనుక విడివిడిగా చెబుతాను.

ఎందుకు వస్తున్నారన్నది మొదటిది. మన దేశంలో ఈ కదలికకు తొలి కారణం చట్టాలు, ప్రభుత్వ నిర్దేశాలే. మనం వాడే ముడి చమురులో ఎనభై శాతానికి పైగా దిగుమతే కాబట్టి, పెట్రోలులో ఇథనాల్ కలపడాన్ని ప్రభుత్వం గట్టిగా పట్టుకుంది. 2014లో 1.53 శాతం ఉన్న మిశ్రమం 2022 జూన్ నాటికి 10 శాతానికి చేరింది. 2030కి అనుకున్న 20 శాతం లక్ష్యాన్ని ముందుకు జరిపి 2025లోనే అందుకున్నారు. కొనే కంపెనీలు ప్రభుత్వరంగానివి, ధర ముందే ప్రకటించినది, గిరాకీ ఖాయం. అందువల్లనే చెరకు, నూకలు, మొక్కజొన్నల నుంచి ఇథనాల్ తీసే కర్మాగారాలు అంత వేగంగా లేచాయి.

గ్యాస్ విషయంలో కథ అంత సాఫీగా నడవలేదు. 2018 అక్టోబరులో బయోగ్యాస్ ప్లాంట్లను ప్రోత్సహించే కేంద్ర పథకం సతత్‌ను ప్రారంభించినప్పుడు, 2023 నాటికి 5,000 ప్లాంట్లు వస్తాయని చెప్పారు. ఆ సంవత్సరం ముగిసేసరికి నూరు ప్లాంట్లు కూడా పని మొదలుపెట్టలేదు. ముడిసరుకు ఏడాది పొడవునా దొరకకపోవడం, గ్యాస్‌తోపాటు వచ్చే సేంద్రియ ఎరువు అమ్ముడుపోకపోవడం నేను కళ్లారా చూసిన ఇబ్బందులు. ఇప్పుడు మళ్లీ ఊపు రావడానికి కారణం, ఇళ్లకు పైపుల ద్వారా, వాహనాలకు బంకుల్లో గ్యాస్ అమ్మే నగర గ్యాస్ సంస్థలు తాము అమ్మే గ్యాస్‌లో 2025-26లో 1 శాతం బయోగ్యాస్ కలపాలనీ, ఆ వాటాను 2028-29 నాటికి 5 శాతానికి పెంచాలనీ పెట్టిన నిబంధన. మీ ఊరికి వచ్చిన ఇద్దరి వెనుక ఉన్న బలం అదే.

ఇక ఎన్నాళ్లు నిలుస్తారన్నది రెండోది. ఇక్కడ విదేశీ కంపెనీల చరిత్ర తెలుసుకోవడం నీకు అవసరం. ఇటలీకి చెందిన ఎని 2014లో వెనిస్ దగ్గరి తన పాత రిఫైనరీని మొక్కల నూనెలు, వ్యర్థ నూనెలు శుద్ధి చేసేదిగా మార్చి, ఆ దారిని ఈనాటికీ వదల్లేదు. ఎక్సాన్‌మొబిల్ 2009లో నాచు నుంచి ఇంధనం తీస్తామని 60 కోట్ల డాలర్ల వరకు ఖర్చు పెడతామంది, పద్నాలుగేళ్ల తరువాత నిధులు ఆపేసింది. షెల్ సంస్థ రోటర్‌డామ్‌లో ఏడాదికి 8,20,000 టన్నుల జీవ ఇంధన కర్మాగారాన్ని కడుతూ కడుతూ 2024 జూలైలో పనులు నిలిపి, మరుసటి ఏడు ఇక కట్టబోమని తేల్చింది. బ్రిటన్ చమురు సంస్థ బీపీ 2020లో తన చమురు, గ్యాస్ ఉత్పత్తిని 2030 నాటికి 40 శాతం తగ్గిస్తానని ప్రకటించింది. 2023లో ఆ లక్ష్యాన్ని 25 శాతానికి దించి, 2025 ఫిబ్రవరిలో పూర్తిగా విడిచిపెట్టి, చమురు, గ్యాస్‌లలో పెట్టుబడిని ఏడాదికి 1,000 కోట్ల డాలర్లకు పెంచుతానంది. వీరెవరూ మొదటి రోజున అబద్ధం చెప్పారని నేను అనను. చమురు ధర, వడ్డీ రేటు, ప్రభుత్వ విధానం ఈ మూడింటిలో ఏది తిరగబడినా వాటాదారులు లెక్క అడుగుతారు. అప్పుడు ముందుగా కోతపడేది కొత్త వ్యాపారమే.

మన దగ్గరే చూడు. రామాయపట్నం వద్ద ప్రభుత్వరంగ చమురు సంస్థ బీపీసీఎల్ ఏడాదికి 90 లక్షల టన్నుల రిఫైనరీ, పెట్రోకెమికల్ సముదాయం తలపెట్టి, ముందస్తు పనులకే రూ.6,100 కోట్లు కేటాయించింది. అదే సంస్థ 2040 నాటికి నెట్ జీరో (తాను వదిలే కర్బన ఉద్గారాలను నికరంగా సున్నాకు తేవడం) సాధిస్తానని కూడా చెబుతోంది. రెండూ నిజమైన నిర్ణయాలే. పెట్రోలు, ప్లాస్టిక్ గిరాకీ ఇంకా దశాబ్దాలు ఉంటుందన్న లెక్క మీద ఒక కాలు, అది తగ్గవచ్చునన్న లెక్క మీద మరో కాలు వేసి వారు నిలబడుతున్నారు. ఒక కాలు తీసినా వారు పడిపోరు. నీ పదకొండెకరాలకు అలాంటి రెండో కాలు లేదు గనుక నీ జాగ్రత్త వేరుగా ఉండాలి.

కందుకూరు వైపు రైతు:

పెద్దాయన చెప్పినదానికి నా అనుభవం కలుపుతాను. అడవి ఆముదం, అంటే జట్రోఫా, మీలో ఎంతమందికి గుర్తుందో తెలియదు. కేంద్రం వేసిన జీవ ఇంధన కమిటీ 2003లో ఇచ్చిన నివేదికలో, 2011-12 నాటికి డీజిల్లో 20 శాతం ఈ నూనె కలపవచ్చునని చెప్పింది. బీడు నేలలో, నీళ్లు లేకుండా, ఎరువు లేకుండా కాస్తుందన్నారు. విదేశాల్లో బీపీ కూడా 2007లో ఈ చెట్టు కోసమే ఒక ఉమ్మడి కంపెనీ పెట్టి, రెండేళ్లకే బయటికి వెళ్లిపోయింది. నేను నాలుగెకరాల్లో నాటాను. మూడో ఏడు కాయలు వచ్చాయి, చెట్టుకు పిడికెడు. గింజలు కొంటామని మొక్కలు ఇచ్చినవారు ఆ తరువాత మా ఊరి దారి తొక్కలేదు. చమురు కంపెనీలు 2006 జనవరి నుంచి బయోడీజిల్‌ను లీటరు రూ.25కు కొంటామని ప్రకటించాయి కానీ, ఆ ధరకు నూనె తీయడమే గిట్టుబాటు కాలేదు. వేళ్లతో సహా పెరికించడానికి నాకు రెండు వేసవులు పట్టింది. మేకలు కూడా ముట్టని చెట్టు అది.

నేపియర్ అలాంటిది కాదని ఒప్పుకుంటాను. పశువులు తింటాయి, దిగుబడి కళ్లకు కనిపిస్తుంది. అయితే అది నీళ్లు తాగే గడ్డి. ఏడాదికి ఐదారు కోతలు కావాలంటే వేసవిలోనూ తడులు ఇవ్వాలి, కోత కోతకూ ఎరువు వేయాలి. మీ కనిగిరి ప్రాంతంలో ఎన్ని వందల అడుగులు దింపితే బోరులో చెమ్మ తగులుతుందో, అందిన నీటిలోనూ ఫ్లోరైడ్ ఎంత ఉంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. వెలిగొండ ప్రాజెక్టు నీళ్లు కాలువల్లో పారే రోజు వస్తే లెక్క మారుతుంది. ఆ రోజు వచ్చేదాకా, ప్లాంటుకు గడ్డి పండించే నీళ్లు ఎక్కడివో వారిని కాగితం మీద రాయమనండి. పక్కవాడి బోరు ఎండిపోతే ఊళ్లో మీ ముఖం చూసేదెవరు?

ఇంకొకటి. బీడు భూమి అని కాగితాల్లో రాసిన దానిలో చాలా వరకు గొర్రెలు మేసే నేల. ఆ మందల వారితో ఎవరూ మాట్లాడినట్టు నేను వినలేదు.

కోవూరు నుంచి:

నాది కొంచెం వేరే అభిప్రాయం. గడ్డి కోసం మెట్ట భూమిని తవ్వేకంటే, ఇప్పటికే ఉన్న వరిగడ్డిని వాడితే ఇరుపక్షాలకూ మేలని నేను నమ్ముతాను. పానిపట్‌లో ఇండియన్ ఆయిల్ 2022 ఆగస్టులో ప్రారంభించిన ఇథనాల్ కర్మాగారం, ఏడాదికి 2 లక్షల టన్నుల వరిగడ్డి నుంచి 3 కోట్ల లీటర్లు తీసేలా కట్టినది. ఉత్తరప్రదేశ్‌లోని బదాయూఁలో మరో ప్రభుత్వరంగ చమురు సంస్థ హెచ్‌పీసీఎల్ ప్లాంటు రోజుకు 100 టన్నుల గడ్డి నుంచి 14 టన్నుల గ్యాస్ తీసేలా కట్టినది. పెన్నా ఆయకట్టులో ఏడాదికి రెండు పంటల వరి ఉంది. మిషన్ కోత వచ్చాక, ముఖ్యంగా ఎడగారు (రెండో) పంటలో, తడిసిన గడ్డిని మళ్లలోనే కాల్చేస్తున్నవారున్నారు.

ఇబ్బంది లేదని అనను. కోతకూ దమ్ముకూ మధ్య దొరికే రెండు మూడు వారాల్లోనే గడ్డిని చుట్టి, కట్టలు కట్టి, వాన తగలకుండా ఏడాది నిలవ పెట్టాలి. పైగా మా మంచి గడ్డి ఇప్పటికే లారీలకెక్కి మీ మెట్ట ఊళ్లకు మేతగా వస్తోంది. ప్లాంట్లు పోటీ పడి కొంటే, కరువు ఏడు మీ పశువుల గతి ఏమిటన్నది నాకూ జవాబు తెలియని ప్రశ్నే. కనీసం పాడైన గడ్డి వరకైనా ఈ పని మొదలుపెట్టవచ్చు.

ఒంగోలు, న్యాయవాద వృత్తి:

సంతకాల రోజున ఒప్పందం చూపిస్తామన్న మాట దగ్గరే ఆగండి. ఏడాదికి మించిన కౌలు ఒప్పందం చట్టప్రకారం రిజిస్టరు కావాలి. అది ఒకసారి జరిగితే మీ తరువాత భూమి పొందేవారికీ వర్తిస్తుంది. కాబట్టి తెలుగులో పూర్తి ముసాయిదా తీసుకుని, కనీసం పదిహేను రోజులు ఇంట్లో ఉంచుకోండి.

చదివేటప్పుడు కౌలు మొత్తం కంటే, కంపెనీ వెళ్లిపోయే పక్షంలో ఏమి రాసి ఉందో ముందు చూడండి. మధ్యలో మానుకునే హక్కు వారికొక్కరికే ఉందా, మీకూ ఉందా? మానుకుంటే గడ్డి దుబ్బులు, డ్రిప్ పైపులు తీసి నేలను మునుపటిలా అప్పగించే ఖర్చు ఎవరిది? కౌలు హక్కును మరొకరికి బదిలీ చేయడానికీ, బ్యాంకులో తనఖా పెట్టడానికీ మీ అనుమతి అవసరమా? రెండేళ్ల కౌలుకు బ్యాంకు గ్యారంటీ అడగడంలో తప్పేమీ లేదు. వివాదం వస్తే విచారణ ఎక్కడో దూర నగరంలో జరగాలని రాస్తే, ఒంగోలు అని మార్పించండి. పంట రుణం, ప్రభుత్వం రైతుకు ఇచ్చే సాయం కౌలు కాలంలో ఏమవుతాయో మీ బ్యాంకులోనూ వ్యవసాయ కార్యాలయంలోనూ అడిగి తెలుసుకోవాలి.

విశ్రాంత ఉద్యోగి, నెల్లూరు:

న్యాయవాదిగారి మాటకు ఒక చేర్పు. భూమి ఇవ్వడం ఒక్కటే దారి అనుకోవద్దు. కెన్యాలో ఎని భూములు తీసుకోకుండా రైతుల దగ్గర ఆముదం వంటి గింజలు కొని, 2022లో మకువేనిలో పెట్టిన మిల్లులో ఆడించి, ఆ నూనెను ఇటలీలోని తన రిఫైనరీకి పంపడం మొదలుపెట్టింది. రైతు చేతిలో భూమి ఉన్నంత కాలం, కొనేవాడు రాని ఏడు మరో పంట వేసుకుంటాడు. ఆముదానికి మన దగ్గర ఎప్పటి నుంచో బజారు ఉండనే ఉంది. మీ దగ్గరకు వచ్చినవారిని, గడ్డిని మీరే పండించి టన్ను లెక్కన అమ్మే ఒప్పందం కుదురుతుందేమో అడిగి చూడు. తూకం ఎవరి కాటా మీద, తేమకు ఎంత తరుగు, డబ్బు ఎన్ని రోజుల్లో అన్నవి కూడా అందులో రాయించుకో.

కనిగిరి రైతుబిడ్డ:

ఇన్ని వివరాలు ఓపికగా రాసిన మీ అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి ఇవన్నీ నాన్నగారికి చదివి వినిపించాను. జట్రోఫా మాట రాగానే, మా ఊళ్లో చెరువు కట్ట పక్కన ఆ చెట్లు ఇంకా ఉన్నాయని ఆయనే గుర్తు చేశారు.

బోరు ఉన్న నాలుగెకరాలు ఎవరికీ ఇచ్చేది లేదని ఆయన తేల్చి చెప్పారు. మిగిలిన ఏడెకరాల్లో మూడెకరాలను మాత్రం, నీళ్లు కంపెనీ తెచ్చుకునే షరతు మీద, ఐదేళ్లకు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. ఈ ఉదయం వారికి ఫోన్ చేసి తెలుగులో ముసాయిదా పంపమనీ, టన్ను లెక్కన కొనే పద్ధతి ఉందేమో చెప్పమనీ అడిగాను. ఐదేళ్లంటే తమకు గిట్టదని అంటూనే, పై అధికారిని అడిగి సోమవారం వస్తామన్నారు. వారు తెచ్చే కాగితంలో వెళ్లిపోయే షరతు ఎలా ఉందో చూసి, పేర్లు తీసేసి ఇక్కడ పెడతాను.