ఈ వారం సమస్య (ఈ పాదంతో ముగిసేలా పద్యం రాయాలి): తిట్టువాఁడె పార్టి దిక్కు గాదె

నల్లకుంట మాస్టారు: ఆటవెలది చివరి పాదం, ఐదూ సూర్యగణాలే (మూడు మాత్రల చిన్న గణాలు), తి–ది యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు). పార్టీ పేరు రాయొద్దు, కండువా రంగు కూడా వద్దు, పోయినసారి రంగు దగ్గరే కొట్టుకున్నారు.

బస్తీబాబు: ఇది కడుపుమంటతో రాసిన పద్యం మాస్టారూ. మా గల్లీల గుంత ఫోటో తీసి మా పార్టీ వాట్సాప్ గ్రూపుల పెట్టి అన్నా జర చూడు అన్నందుకు పది నిమిషాలల్ల నన్ను రిమూవ్ చేసిండ్రు, ఆ గుంతల ఎవరో చెట్టుకొమ్మ గుచ్చి దానికి మా పార్టీ పాత కండువానే కట్టిండ్రు, అదే వాళ్ళకి కాలింది.

రోడ్డు గుంత చూపి రొక్కమెటకుఁ బోయె
ననుచు నడుగువాఁడె నమ్మినట్టి
మనిషి; భజనసేయు మందమతియె కాఁడు;
తిట్టువాఁడె పార్టి దిక్కు గాదె!

నల్లకుంట మాస్టారు: రోడ్డు–రొక్కం యతి హాయిగా పడింది. 'నమ్మినట్టి'లో 'అట్టి' గణం నింపడానికే వచ్చిందని తెలిసిపోతోంది బాబూ. అసలు చిక్కు వేరే, నీ పద్యంలో మనిషి అడుగుతున్నాడు, పాదమేమో తిట్టమంటోంది. రెంటికీ లంకె కుదర్లేదు.

కండువా కాక: నేను పాదంల అక్షరం కదపలే, ప్రశ్నార్థకాలు పెట్టిన అంతే.

కండువాను గప్పి కార్పొరేటరుగాను
నిలుపఁ గెలిచి నేఁడు నింద లేల?
తిన్న యింటి వాస మెన్నువాఁ డుండునే?
తిట్టువాఁడె? పార్టి దిక్కు గాదె?

ఇంట్ల మాట ఇంట్లనే ఉండాలె. గ్రూపుల పెడితే అవతలోడు స్క్రీన్‌షాట్ కొట్టి ఊరంత తిప్పుతడు.

బస్తీబాబు: ఇంట్లనే చెప్పిన కదా కాకా, గ్రూపు ఇల్లు గాదా మరి? 1985ల ఫిరాయింపుల చట్టం తెచ్చినోళ్ళు గూడ విప్పును (ఇట్లనే ఓటెయ్యాలనే పార్టీ హుకుంను) సభల ఓటు కాడికే పెట్టిండ్రు, జెండా మోసేటోని నోటికి విప్పు ఏంది?

కండువా కాక: టిక్కెట్ రానోళ్ళకే గిన్ని చట్టాలు యాదికొస్తయ్.

నల్లకుంట మాస్టారు: ఆగండయ్యా. కాకగారి విరుపు అద్భుతం, తిన్న–మెన్ను ప్రాసయతి (మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలవడం) ఇంకా అద్భుతం, సామెత పాదంలో అట్లా ఒదిగింది. కానీ 'కార్పొరేటరుగాను నిలుప' ఒప్పుకోను. పార్టీ నిలబెట్టేది అభ్యర్థినే, కార్పొరేటర్ని చేసేది ఓటరు, 2020 గ్రేటర్ హైదరాబాద్ ఎన్నికల్లో 150 డివిజన్లలోనూ జరిగిందదే.

బస్తీబాబు: మాస్టారూ 🙏🙏

కొత్తకవి: గురువుగారూ మొదటిసారి రాస్తున్నా, తప్పులుంటే తిట్టండి (తిట్టువాడే దిక్కు కదా).

పగలు టీవిలోన పార్టి నేతలఁ దిట్టి
రాత్రి కారులోన రాజి కొచ్చు
ఎన్నికలకు ముందు కాళ్ళు పట్టుకొనెడు
తిట్టువాఁడె పార్టి దిక్కు గాదె!

నల్లకుంట మాస్టారు: భేష్! మూడో పాదంలో గణాలు సరే, ఎ–కా యతి చెల్లదు. 'ఎన్నికలకు ముందు మన్నించుమన్నయా' అను, ప్రాసయతి సరిపోతుంది, కాళ్ళు పట్టుకున్నట్టూ ఉంటుంది.

బస్తీబాబు: తమ్మీ, గా కారు ముచ్చట ఎవర్ని చూసి రాసినవ్?

కండువా కాక: నాకూ గదే డౌటు. మనోడే అనిపిస్తున్నడు.