ఫుట్‌పాత్ మీద ఇనుప స్తంభాలు ఉంచాలా, తీసేయాలా?

మల్కాజిగిరి వాసి:
మా వీధి ఫుట్‌పాత్ మీదకి బైకులు ఎక్కకుండా ఇనుప స్తంభాలు పాతారు. మా అమ్మకి 72 ఏళ్లు. ఇదివరకు వెనక నుంచి హారన్ కొడితే హడలిపోయేది. ఇప్పుడు ఒక్కతే గుడికి వెళ్లొస్తోంది. వీటిని తీసేయమని కొందరు అర్జీ పెట్టారట. ఎందుకు తీయాలి?

వీల్‌చైర్‌లో తిరిగేవాణ్ని:
అమ్మగారి భయం అర్థమైందండి. కానీ మా కాలనీలో అలాంటి అర్జీ పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. నా కుర్చీ వెడల్పు 66 సెంటీమీటర్లు. చక్రం తిప్పాలంటే మోచేతులు బయటికి వస్తాయి కాబట్టి 90 దాకా ఖాళీ కావాలి. టేపు పెట్టి కొలిస్తే స్తంభాల మధ్య ఉన్నది 58. చేసేది లేక రోడ్డెక్కాను. సిటీ బస్సు ఎంత దగ్గరగా పోయిందంటే, దాని వేడి గాలి చెంపకి కొట్టింది. ముంబైలో ఇలాంటి స్తంభాల మీదే 2023లో బాంబే హైకోర్టు తనంతట తానే కేసు తీసుకుంది.

మల్కాజిగిరి వాసి:
90 వదిలితే బైకు కూడా దూరుతుంది కదండీ?

వీల్‌చైర్‌లో తిరిగేవాణ్ని:
దూరుతుంది, కాదనను. బైకులని ఆపాల్సింది చలానా. ఆ పని చేయలేక స్తంభం పాతి, మమ్మల్ని రోడ్డు మీదకి నెడుతున్నారు. ఫుట్‌పాత్ మీద అడ్డు లేకుండా నడిచే హక్కు జీవించే హక్కులో భాగమని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ హక్కు నాకూ ఉంది కదా.

తెల్లకర్రతో నడిచేదాన్ని:
నాదీ ఒక మాట. మాలాంటి చూపులేనివాళ్ల కోసం ఫుట్‌పాత్ మీద పరిచే పసుపు పలకల మీద గీతలుంటే నేరుగా వెళ్లమని, చుక్కలుంటే జాగ్రత్తపడమని అర్థం. మా బస్టాపు దగ్గర గీతల వరస మధ్యలోనే స్తంభం పాతారు, ముందు ఒక్క చుక్కల పలకైనా లేదు. మోకాలు చిట్లింది. తీయకపోతే పోనీ, కనీసం ఆ గీతల దారినైనా వదలండి.

మల్కాజిగిరి వాసి:
పొద్దున్నే వెళ్లి కొలిచానండి, మా దగ్గర 74. మధ్యది ఒక్కటి తీసి మిగతావి సర్దితే మీ కుర్చీ పడుతుంది. అన్నీ తీసేయడానికి మాత్రం మనసొప్పట్లేదు. ఆ ఒక్కదాని కోసం నేనే అర్జీ రాస్తాను. చలానాల సంగతి కూడా అందులోనే పెడతాను.