‘డే’ అంటే ఎప్పట్నించి ఎప్పటిదాకా? ఆస్పత్రిలో ఒకటి, రైల్లో ఒకటి, పెళ్లికార్డులో ఇంకొకటి

కావలి కుర్రోడు:
మా నాన్నను మొన్న నెల్లూరులో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చాం. సాయంత్రం వార్డులో వేశారు, మర్నాడు మధ్యాహ్నం ఇంటికి తెచ్చుకున్నాం. ఉన్నది ఒక్క రాత్రి. బిల్లులో రూమ్ రెంట్ రెండు డేలకు వేశారు. ఇన్సూరెన్స్ వాళ్లేమో ఒక డే కూడా నిండలేదు, క్లెయిమ్ రాదంటున్నారు. అదే మనిషి, అదే మంచం! అట్టాగే ఏటీఎంలో ఇరుక్కున్న డబ్బుకు బ్యాంకులో ఐదు డేస్ అన్నారు, ఆదివారం లెక్కలోకి వస్తుందో రాదో చెప్పరు. పైగా మా మేనత్త కొడుకు పెళ్లికార్డులో ‘శుక్రవారం రాత్రి 2.38 గంటలకు (తెల్లవారితే శనివారం)’ అని ఉంది, హైదరాబాద్ నుంచి అక్కకు ఏ తేదీకి టికెట్ తీయాలో తేలడంలేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

సింగరాయకొండ స్టేషన్ రోడ్:
టికెట్ సంగతి నన్నడగండి. రైల్వేకి రాత్రి 12 దాటిందంటే తేదీ మారినట్టే, తెల్లవారేదాకా ఆగదు. మా బావమరిది ఆదివారం రాత్రి 12.20 బండికి కావాలని ఏజెంటుకు చెబితే వాడు ఆదివారం తేదీతోనే కొట్టిచ్చాడు. వీళ్లు ఆదివారం రాత్రి అన్నాలు తిని, నిద్రపోతున్న పిల్లల్ని భుజానేసుకుని బండెక్కితే ఆ బెర్తుల్లో వేరేవాళ్లు పడుకుని ఉన్నారు. ఆ టికెట్ శనివారం రాత్రి పడుకున్నాక వెళ్లిపోయిన బండికి! ఏజెంటు పైసా వెనక్కివ్వలేదు. ఇంకోటి, తత్కాల్ ఒక రోజు ముందు అంటారు కదా, అది మనం ఎక్కే రోజును బట్టి కాదు, బండి మొదట బయలుదేరే స్టేషన్ తేదీని బట్టి. హైదరాబాద్‌లో ఆదివారం సాయంత్రం కదిలే బండిని నెల్లూరులో సోమవారం తెల్లవారుజామున ఎక్కాలంటే తత్కాల్ శనివారమే తెరుచుకుంటుంది, ఏసీకి పొద్దున 10కి, స్లీపర్‌కు 11కి. ఆదివారం పొద్దున కూర్చుని చూస్తే ఏమీ మిగలదు.

పంచాంగం వారి అబ్బాయి:
పెళ్లికార్డులో ఏ గందరగోళమూ లేదు. మన పంచాంగంలో వారం అంటే ఆది, సోమ లాంటి ఒక్క రోజు, అది సూర్యోదయంతో మొదలై మళ్లీ సూర్యోదయం దాకా నడుస్తుంది. అందులో 60 ఘడియలు, ఘడియకు 24 నిమిషాలు. రాత్రి 2.38 అంటే ఇంకా శుక్రవారమే. తిథి వేరు, అది సూర్యచంద్రుల మధ్య దూరం 12 డిగ్రీలు పెరిగేంత సేపు, ఒక్కోసారి 19 గంటలకే అయిపోతుంది, ఒక్కోసారి 26 గంటల దాకా సాగుతుంది, అందుకే చవితి రెండు రోజులు కనబడేది. ‘తెల్లవారితే శనివారం’ అని వేసేది మీబోటివాళ్లు తికమక పడకూడదనే. అర్ధరాత్రి లెక్క పట్టుకుని ముహూర్తాన్ని తప్పుపట్టొద్దు.

చీమకుర్తి రాయి:
తప్పుపడతా స్వామీ. మా ఇంట్లో పెళ్లికి కార్డు తెలుగు వైపు గురువారం రాత్రి, ఇంగ్లీషు వైపు శుక్రవారం తేదీ వేశారు. మా పెద్దమ్మ కొడుకు బెంగళూరులో పుట్టి పెరిగాడు, తెలుగు చదవడం రాదు. శుక్రవారం సాయంత్రానికి దిగాడు పాపం. షామియానా విప్పుతున్నారు, ఖాళీ గుండిగలు ఆటోకి ఎక్కిస్తున్నారు. పెళ్లికూతురికి వరసకు అన్న వాడు. ఇప్పటికీ ఆ రెండిళ్ల మధ్య మాటల్లేవు.

పంచాంగం వారి అబ్బాయి:
ఇంగ్లీషు వైపు ఏఎం అని ఉండాలే. ఏఎం అని చూసి సాయంత్రం రావడమేంటి?

చీమకుర్తి రాయి:
మా ఇంటి మనిషిని అనడానికి మీరెవరు? పెళ్లంటే మనుషులు రావాలి, అక్షింతలు వేయాలి. రాత్రి ఒంటిగంట తర్వాత ముహూర్తం పెట్టి, తేదీ రెండు రకాలుగా వేసి, చదువుకోవడం రాలేదని చుట్టాన్ని అంటారా? ‘గురువారం సాయంత్రం భోజనాలకే రండి’ అని ఒక్క ముక్క పెద్దక్షరాల్లో వేస్తే ఏం పోయేది?

పంచాంగం వారి అబ్బాయి:
ముహూర్తం పెట్టేది వధూవరుల నక్షత్రాలు చూసి, చుట్టాల బస్ టైములు చూసి కాదు. మా తాతగారు పెట్టిన లగ్నాల్లో ఎంతోమంది పిల్లాపాపలతో చల్లగా ఉన్నారు.

వేటపాలెం కోడలు:
పెళ్లి సరే, పుట్టినరోజు సంగతేంటి? మా పాప మంగళవారం తెల్లవారుజామున మూడింటికి పుట్టింది. బర్త్ సర్టిఫికెట్‌లో మంగళవారం తేదీ ఉంది, జాతకంలో సోమవారం అని రాశారు. మా అత్తమ్మ సోమవారం తేదీకే తలంటు పోసి గుడికి తీసుకెళ్తుంది, స్కూల్లో చాక్లెట్లు పంచేది మర్నాడు. ఏటా ఇదే గొడవ. నాకు సర్టిఫికెట్ తేదీయే సరైనది, పాపకు రేపు పరీక్షకైనా పాస్‌పోర్టుకైనా పనికొచ్చేది అదే.

సూపరింటెండెంట్ (రిటైర్డ్):
ఇక్కడ ఎవరికీ చట్టం తెలిసినట్టు లేదు. నేను సర్వీసంతా ఉద్యోగుల సర్వీసు ఫైళ్లు చూసే ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లోనే పనిచేశాను, కాబట్టి శ్రద్ధగా చదవండి. 1897 జనరల్ క్లాజెస్ యాక్ట్ సెక్షన్ 9: ఫలానా తేదీ ‘నుంచి’ అని ఉంటే ఆ మొదటి రోజును వదిలేసి లెక్కపెట్టాలి. సెక్షన్ 10: గడువు ఆఖరి రోజు కోర్టుకో ఆఫీసుకో సెలవైతే, తెరిచిన మొదటి రోజు ఇచ్చినా చెల్లుతుంది. వయసు లెక్క ఇంకోరకం. నెల 1వ తేదీన పుట్టిన ఉద్యోగి అంతకుముందు నెల ఆఖరి రోజునే రిటైర్ అవుతాడు, 2వ తేదీన పుట్టినవాడు ఆ నెలంతా జీతం తీసుకుంటాడు. ఒక్క డే తేడాకు ఒక నెల జీతం! ఏడాదంతా పనిచేసి జూన్ 30న దిగిపోయినవాళ్లకు జూలై 1 ఇంక్రిమెంట్ ఎగ్గొట్టేవారు, 2023లో సుప్రీంకోర్టు అది ఇవ్వాల్సిందేనని తేల్చింది. ఎన్ని ఫైళ్లు చూశానో దీనిమీద.

కొత్తపట్నం అల:
సార్ చెప్పిన మొదటి రోజు వదిలేసే లెక్క మా దగ్గర కుదరదు. సముద్రంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. ఏప్రిల్‌లో 16, మేలో 31, జూన్‌లో 14. రెండు చివర్లూ కలుపుకుంటేనే 61 వస్తుంది, ఒక్కటి వదిలితే 60.

సూపరింటెండెంట్ (రిటైర్డ్):
అది నోటిఫికేషన్‌లో ‘రెండు రోజులూ కలుపుకుని’ అని రాసి ఉంటుంది బాబూ. రాసి ఉన్నప్పుడు రాసిందే చెల్లుతుంది. సెక్షన్ పూర్తిగా చదివి మాట్లాడాలి.

కొత్తపట్నం అల:
మాకు సెక్షన్లతో పనిలేదు సార్. ఒక రోజు ముందు పడవ దిగితే డీజిల్ సబ్సిడీ పోతుంది, పట్టిన చేపలు పోతాయి. ఆ లెక్క మాకు ఎవరూ నేర్పక్కర్లేదు.

ముత్తుకూరు చెరువు:
రొయ్యల చెరువులో మాకు రోజంతా డీఓసీయే, డేస్ ఆఫ్ కల్చర్. ‘ఎన్నో డీఓసీ నడుస్తా ఉంది’ అనే మొదటి మాట, తర్వాతే ఎట్టుండావని అడిగేది. సీడ్, అంటే రొయ్యపిల్లల్ని చెరువులో వదిలిన రోజు నుంచి లెక్క. మా టెక్నీషియన్ వదిలిన రోజును సున్నా అంటాడు, మా చిన్నాన్న ఒకటి అంటాడు. మొదటి నెల చెక్‌ట్రేలు (మేత ఎంత తిన్నాయో చూసే పళ్లాలు) చూసి మేత వేసేది ఉండదు, డీఓసీ చార్టు చూసే వేస్తాం, కాబట్టి ఇద్దరు రెండు లెక్కల్లో ఉంటే ఒకరు ఎక్కువ వేస్తారు, మేత అడుగున కుళ్లి అమ్మోనియా లేస్తుంది. అందుకే పుస్తకం మొదటి పేజీలో సీడ్ దించిన తేదీ, టైమ్, పక్కన ‘ఇది డీఓసీ 1’ అని రాసి గోడకు కొట్టా. అప్పట్నించి గొడవ లేదు.

కోవూరు ఆయకట్టు:
వరికి కూడా అంతే. 34449 వరి రకం వేసినవాళ్లకు తెలుసు, 120, 125 రోజుల పంట అంటే నారుమడిలో విత్తనం చల్లినప్పట్నించి, నాటు వేసినప్పట్నించి కాదు. విత్తనాల షాపువాడు రైతుకు ఈ ముక్క చెప్పడు. నాటు నుంచి లెక్కేసుకున్నవాడు కోత మిషన్ కోసం ఆలస్యంగా తిరుగుతాడు, ఈలోగా గింజ రాలిపోతుంది.

సైన్స్ టీచర్:
అందరూ మనుషుల లెక్కల్లోనే ఉన్నారు. శ్రీహరికోట నుంచి 2023 జూలై 14న చంద్రయాన్-3 ఎగిరింది, ఆగస్టు 23న దిగింది. ల్యాండర్ ‘ఒక లూనార్ డే’ పనిచేస్తుంది, అంటే మన 14 రోజులు అని పేపర్లన్నీ రాశాయి. పిల్లలు నన్నడిగారు, చంద్రుడి మీద రోజు 14 రోజులా, 29న్నరా అని. వెలుతురు ఉండే పగలు సుమారు 14, పగలూ రాత్రీ కలిపితే 29న్నర, రెంటికీ డే అనే అంటారు. భూమికే చూడండి, నక్షత్రాన్ని బట్టి చూస్తే ఒక చుట్టు 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు, సూర్యుణ్ణి బట్టి సగటున 24 గంటలు. అందుకే నిన్న చూసిన నక్షత్రం ఈరోజు నాలుగు నిమిషాలు ముందే ఉదయిస్తుంది.

చీమకుర్తి రాయి:
మాస్టారూ, చంద్రుడి మీద పెళ్లి పెడితే కార్డు ఎట్టా వేయాలో పంచాంగం వాళ్లను అడగండి.

పంచాంగం వారి అబ్బాయి:
ఎగతాళి వద్దు. శాస్త్రం మీద నమ్మకం లేకపోతే రిజిస్టర్ మ్యారేజీ చేసుకోండి, ఆఫీసు టైములో.

ఒంగోలు స్టాఫ్ నర్స్:
కావలి తమ్ముడూ, నీ నాన్న సంగతి అందరూ వదిలేశారు. విను. చాలా ఆస్పత్రుల్లో రాత్రి 12కు వార్డు సెన్సస్, అంటే ఎంతమంది రోగులున్నారో లెక్క తీస్తారు, కొన్నిచోట్ల ఆ లెక్కనే రెంట్ వేస్తారు, కొన్నిచోట్ల చేరిన గంట నుంచి 24, ఇంకొన్నిచోట్ల లాడ్జిలాగా మధ్యాహ్నానికి రోజు మారుతుంది. చేర్చేటప్పుడే బిల్లింగ్ కౌంటర్‌లో అడిగి ఎస్టిమేట్ మీద రాయించుకోవాలి. ఇన్సూరెన్స్‌కు తేదీలతో పనిలేదు, చాలా పాలసీల్లో వరసగా 24 గంటలు లోపల ఉన్నారా అన్నదే చూస్తారు. కంటి శుక్లం ఆపరేషన్, డయాలసిస్, కీమో లాంటివి డే కేర్ కింద వస్తాయి, వాటికి 24 గంటలు అక్కర్లేదు. మీ నాన్నను ముందు క్యాజువాలిటీలో చూశారా? ఎన్నింటికి?

కావలి కుర్రోడు:
చూశారక్కా. ఆ చీటీ ఇప్పుడే వెతికి తీశా, పొద్దున 11.10 అని స్టాంపు ఉంది. సాయంత్రం దాకా అక్కడే సెలైన్ పెట్టి ఉంచారు. డిశ్చార్జి మర్నాడు 1.45.

ఏటీఎం బాధితుడు, పొదిలి:
డబ్బు సంగతి నేను చెప్తా. ట్రాన్సాక్షన్ జరిగిన తేదీ కాక ఐదు రోజులు, క్యాలెండర్ రోజులే, ఆదివారాలూ పండగలూ కలిపే. అది దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున బ్యాంకే నీ ఖాతాలో వేయాలి, నువ్వు అడక్కపోయినా వేయాలి. రిజర్వ్ బ్యాంక్ 2019లో పెట్టిన నిబంధన అది. కౌంటర్‌లో ‘వర్కింగ్ డేస్’ అంటే ఒప్పుకోవద్దు.

ఒంగోలు స్టాఫ్ నర్స్:
11.10 నుంచి 1.45 అంటే 24 గంటలు దాటింది కదా తమ్ముడూ. వాళ్లు వార్డులో వేసిన టైమ్ పట్టుకున్నారు. ఆస్పత్రి మెడికల్ రికార్డ్స్‌కు పో, క్యాజువాలిటీ కేస్‌షీట్, సెలైన్ ఎక్కించిన టైములున్న నర్సింగ్ చార్ట్ నకళ్లు తీసుకో, డిశ్చార్జి సమ్మరీలో క్యాజువాలిటీ టైమ్ కూడా చేర్చమని డాక్టర్ గారిని అడుగు. అవన్నీ పెట్టి ఇన్సూరెన్స్ వాళ్ల గ్రీవెన్స్‌కు రాతపూర్వకంగా పంపు, ఫోన్‌లో మాట్లాడి ఊరుకోవద్దు. చీటీ ఒరిజినల్ మాత్రం ఎవరికీ ఇవ్వకు, జిరాక్సే.