కాలువలో ఫ్లైతో రోచ్, పెర్చ్ పట్టేదెలా?

బర్మింగ్‌హామ్‌లో ఉంటున్నాను. ఇంగ్లండ్ కాలువల్లో ఫ్లై ఫిషింగ్ (కొక్కేనికి ఈకలు, దారం చుట్టి చేసిన నకిలీ పురుగు, అంటే ఫ్లైతో చేపలు పట్టడం) చేసినవారు ఎవరైనా ఉంటే దయచేసి సలహా ఇవ్వండి. లైసెన్సు, స్థానిక క్లబ్బు అనుమతి రెండూ ఉన్నాయి. ఫ్లై అనగానే అందరూ ట్రౌట్ గురించే చెబుతున్నారు, నాకేమో రోచ్, రడ్, పెర్చ్ అనే మంచినీటి చేపలు కావాలి. నదుల్లో మార్చి 15 నుంచి జూన్ 15 వరకు ఈ చేపలు పట్టకూడదు కాబట్టి వసంతమంతా నాకు కాలువే దిక్కు.

నా గాలం కర్ర 9 అడుగులది, 4వ నంబరు (తేలికపాటి) లైను. వెనకంతా ముళ్లపొదలు, వెనక్కి విసిరే వీలే లేదు. రోల్ కాస్ట్‌తో (లైనును వెనక్కి విసరకుండా ముందుకే దొర్లించి) నెట్టుకొస్తున్నాను. 7 అడుగుల కర్ర తీసుకుంటే సుఖమా?

అసలు చిక్కు నీళ్లతోనే. పడవ వెళ్లిన ప్రతిసారీ బురద లేచి పాలు పోసిన టీలా అవుతుంది. అప్పుడు పెర్చ్‌కు ఏ రంగు ఫ్లై కనిపిస్తుంది? సాయంత్రం రోచ్ పైకి వచ్చి చిన్న పురుగులను తింటుంది, నా 16వ నంబరు డ్రై ఫ్లైని (నీటిపై తేలేదాన్ని) మాత్రం మూతితో తాకి వదిలేస్తుంది (ఎంత మర్యాదో!). ఇంకా చిన్నదైన 18వ నంబరుకు తగ్గాలా, లేక బరువు పూస ఉన్న నింఫ్‌ను (నీటిలోపలి పురుగు పిల్లను పోలిన ఫ్లైని) నెమ్మదిగా మునగనివ్వాలా?

పైక్ (పదునైన పళ్లున్న వేటచేప) తగిలితే నైలాన్ కొరికేస్తుంది. అలాగని సన్నని లీడరుకు (లైను చివర ఫ్లైని కట్టే నైలాన్ దారానికి) స్టీలు తీగ కడితే రోచ్ దగ్గరకు వస్తుందా?