చిన్న సంగీత వేదికలో మానిటర్ పెంచితే మైకు కీచుమంటోంది, ఏం చేయాలి?

ప్రశ్న:
ఒక చిన్న సంగీత వేదికలో సౌండ్ పనికి ఈమధ్యే చేరాను. ఒకే సాయంత్రం మూడు బృందాలు వాయిస్తాయి. తమ గొంతు తమకు వినిపించడం లేదని గాయకులు అడిగినప్పుడు మానిటర్ (పాడేవారికి తమ గొంతు వినిపించేలా వారి వైపు తిప్పి పెట్టే స్పీకర్) పెంచితే వెంటనే మైకు కీచుమంటుంది, తగ్గిస్తే వారు శ్రుతి తప్పుతారు. అనుభవం ఉన్నవారు దయచేసి దారి చూపగలరు.

మొదటి సమాధానం:
మిక్సర్ ముట్టుకునే ముందు మానిటర్ ఎక్కడుందో చూడండి. కార్డియాయిడ్ మైకు (ప్రధానంగా ముందు వైపు శబ్దాన్నే అందుకునే రకం) తన వెనుక నుంచి, అంటే 180 డిగ్రీల దిశ నుంచి, అతి తక్కువ శబ్దాన్ని అందుకుంటుంది కాబట్టి మానిటర్ సరిగ్గా ఆ వైపు ఉండాలి. ముందు వైపు ఇంకా ఇరుకుగా అందుకునే సూపర్‌కార్డియాయిడ్ మైకుకు ఆ దిశ సుమారు 125 డిగ్రీల దగ్గర ఉంటుంది కనుక మానిటర్‌ను కొంచెం పక్కకు జరపాలి. మైకు జాలీని గుప్పిటతో మూసి పాడేవారికి మాత్రం మర్యాదగానే అయినా తప్పక చెప్పండి. జాలీ వెనుక భాగం మూసుకుపోతే మైకు అన్ని వైపుల శబ్దాన్నీ లాగుతుంది, అప్పుడు మీరు ఎంత జాగ్రత్తగా అమర్చినా ఫలితం ఉండదు. ఇంత చేసినా కీచుమంటే, కీచుమనే ఆ ఒక్క ఫ్రీక్వెన్సీని మాత్రమే ఈక్వలైజర్‌లో (ఒక్కో ఫ్రీక్వెన్సీని విడిగా పెంచే, తగ్గించే సాధనం) సన్నగా తగ్గించండి.

రెండవ సమాధానం:
పై మాటలన్నీ నిజమే గానీ, నా దృష్టిలో అసలు కారణం వేదిక మీది హోరు. గిటార్ ఆంప్ (గిటార్ శబ్దాన్ని పెంచి వినిపించే పెట్టె) వాయించేవారి మోకాళ్ల వైపు మోగుతుంటే, తనకు వినిపించడం లేదని ఆయన ఇంకా పెంచుతారు. దాన్ని వెనక్కి వంచి చెవి వైపు తిప్పితే ఆయనే తగ్గిస్తారు, గాయకుల మానిటర్‌ను పెంచాల్సిన అవసరమూ తగ్గుతుంది. ఇది మీ చెవులకూ మంచిది. పని చేసే చోట 85 డెసిబెల్స్ శబ్దంలో 8 గంటల వరకే ఉండవచ్చని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సూచిస్తుంది. ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతూ 100 దగ్గర 15 నిమిషాలకు చేరుతుంది. మీరు రోజూ అక్కడే ఉంటారు కాబట్టి ఇయర్‌ప్లగ్‌లు పెట్టుకోండి.

మూడవ సమాధానం:
మూడు బృందాలు ఉన్నప్పుడు చివర వాయించేవారికి ముందుగా, మొదట వాయించేవారికి చివరగా సౌండ్ చెక్ (కార్యక్రమానికి ముందు శబ్దాన్ని సరిచూసుకోవడం) చేయండి. అప్పుడు తొలి బృందం సామాన్లు అమర్చినచోటే ఉంటాయి, కార్యక్రమం ఆలస్యం కాకుండా మొదలవుతుంది.