సైటేషన్లు తక్కువైతే టాటా మెమోరియల్ పరిశోధన చిన్నదైపోతుందా?

ల్యాబ్‌నోట్స్:
క్యాన్సర్ వైద్యం, పరిశోధన చేసే ముంబై టాటా మెమోరియల్ సెంటర్ 1962 నుంచి అణుశక్తి శాఖ కింద ఉంది, అంటే నడిచేది మన పన్నుల డబ్బుతో. ఏటా ఎన్ని పేపర్లు వచ్చాయి, వాటిని ఎంతమంది తమ పేపర్లలో ఉటంకించారు (అదే సైటేషన్లు) అని అడిగితే తప్పేంటి? అమెరికా సెంటర్లతో పోల్చి చూడకపోతే మనం ఎక్కడున్నామో తెలిసేదెలా?

అగనంపూడి పాఠకురాలు:
లెక్క అడగండి, కానీ ఆ ఒక్క లెక్కతోనే తేల్చేస్తానంటే ఒప్పుకోను. ప్రపంచ క్యాన్సర్ గణాంకాలు ఇచ్చే పేపర్‌ని ప్రతివాళ్లూ తమ వ్యాసం మొదటి వాక్యంలోనే ఉటంకిస్తారు, దాంతో దానికి వేలకు వేలు సైటేషన్లు. మరి ముంబై మురికివాడల్లో టాటా మెమోరియల్ వాళ్లు 1998లో మొదలుపెట్టిన ట్రయల్ సంగతేంటి? పదో తరగతి చదివిన ఆడవాళ్లకి నాలుగు వారాలు శిక్షణ ఇచ్చి, గర్భాశయ ముఖద్వారానికి వెనిగర్ ద్రావణం పూసి క్యాన్సర్ ముప్పుకి గుర్తుగా తెల్లమచ్చ వస్తుందేమో చూడమన్నారు. ల్యాబ్ అక్కర్లేదు, రిపోర్టు కోసం మళ్లీ తిరగక్కర్లేదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. దీన్ని సైటేషన్లతో తూస్తారా?

ల్యాబ్‌నోట్స్:
అదే ట్రయల్‌లో పోల్చడానికి పెట్టుకున్న వేలమంది ఆడవాళ్లకి స్క్రీనింగ్ చెయ్యలేదండి, ఆ విమర్శ బయటికొచ్చింది కూడా జర్నళ్లలోనే. పైగా మంచి పనికి సైటేషన్లు వాటంతటవే వస్తాయి. నోటి క్యాన్సర్ తొలిదశలోనే మెడ గ్రంథులు కూడా తీసేస్తే మూడేళ్ల తర్వాత బతికున్నవాళ్లు 67.5 నుంచి 80 శాతానికి పెరిగారని వీళ్లే 2015లో పేరున్న వైద్య పత్రిక న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో చూపించారు. దాన్ని ప్రపంచమంతా ఉటంకించింది.

అగనంపూడి పాఠకురాలు:
ఆ విమర్శ న్యాయమైనదే, నాకూ అది మింగుడుపడదు. కానీ చూడండి, తప్పుపట్టిన పేపరూ మెచ్చుకున్న పేపరూ మీ లెక్కలో ఒకటే సైటేషన్. ఇక నివోలుమాబ్ అనే క్యాన్సర్ మందు సంగతి. మామూలుగా రెండు వారాలకోసారి 240 మిల్లీగ్రాములు ఇచ్చే మందు, వీళ్లు మూడు వారాలకి 20 మాత్రమే మాత్రల కీమోతో కలిపి ఇచ్చి చూశారు, తల, మెడ క్యాన్సర్ ముదిరినవాళ్లలో ఏడాది బతికినవాళ్లు 16 నుంచి 43 శాతానికి పెరిగారు. డోసు తగ్గించే ట్రయల్‌కి ఏ కంపెనీ డబ్బు పెడుతుందండీ? పూర్తి డోసు కొనగలిగిన దేశాల్లో దాన్ని ఎంతమంది ఉటంకిస్తారో గానీ, మా విశాఖలో ఇదే సెంటర్ నడిపే హోమీ భాభా ఆసుపత్రికి వచ్చే కుటుంబాలకి కావాల్సింది అలాంటి ట్రయలే. సైటేషన్ల పట్టిక పక్కన ఇంకో గడి పెట్టమనండి: ఈ పేపర్ వల్ల వైద్యం ఎక్కడ మారింది, రోగికి ఖర్చు ఎంత తగ్గింది అని. అప్పుడు అమెరికాతో పోల్చండి, నేనూ వస్తా.