అమెరికా కాలేజీకి ఎర్లీ (ముందస్తు) అప్లికేషన్ వేశాం, అల్యూమ్నై (ఆ కాలేజీ పాత విద్యార్థులు చేసే) ఇంటర్వ్యూకి పిలుపు రాలేదు. టెన్షన్ పడాలా?

ఎడిసన్ అమ్మ:
మా అమ్మాయి నవంబరు 1కి ఒక ఐవీకి (అమెరికాలో పేరున్న ఎనిమిది పాత యూనివర్సిటీల్లో ఒకటి) ఎర్లీ వేసింది. ఏ కాలేజీయో చెప్పను, దిష్టి తగులుతుంది. ఇవాళ 19వ తేదీ. దాని క్లాసులో ముగ్గురికి ఇంటర్వ్యూ మెయిల్ వచ్చింది, దీనికి లేదు. స్పామ్ ఫోల్డర్ రోజుకు పదిసార్లు చూస్తున్నాం. పిలవలేదంటే పక్కన పెట్టేసినట్టేనా? పిలిస్తే ఏం వేసుకెళ్లాలి? కూచిపూడి గురించి చెప్పమనాలా? "అందరూ అదే చెబుతారు మమ్మీ" అంటోంది.

ఫ్రిస్కో నాన్న:
ముందు కామన్ యాప్‌లో (చాలా కాలేజీలకు ఒకేచోట అప్లై చేసే వెబ్‌సైట్) ఏ మెయిల్ ఐడీ ఇచ్చిందో చూడండి. మావాడు స్కూల్ ఐడీ ఇచ్చాడు. బయటి మెయిల్స్‌ని స్కూలు ఆపేస్తుందట. పాపం ఆ ఇంటర్వ్యూ చేసే పెద్దమనిషి రెండుసార్లు రాసి ఊరుకున్నాడు. డిసెంబరులో డిఫర్ (ఇప్పుడే తేల్చం, మామూలు అప్లికేషన్లతో కలిపి మళ్లీ చూస్తాం) అని వచ్చాక గానీ మాకు సంగతి తెలియలేదు. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

బే ఏరియా బాబాయ్:
పదకొండేళ్లుగా మా కాలేజీ తరఫున ఇంటర్వ్యూలు చేస్తున్నవాణ్ణి, తెలిసే చెబుతున్నా. మా చేతికొచ్చేది పేరు, స్కూలు, ఫోన్ నంబరు. మార్కులు, శాట్, వ్యాసాలు ఏవీ చూపించరు. పిలుపు రాలేదంటే చాలాసార్లు మీ వైపు చేసే మనిషి ఖాళీగా లేడనే. యేల్ అయితే ఎవరి గురించి ఇంకా తెలుసుకోవాల్సి ఉందో వాళ్లకే ముందు ఇస్తామని బాహాటంగానే చెబుతుంది. బ్రౌన్ ఇంటర్వ్యూలు తీసేసి చిన్న వీడియో పంపమంటోంది. కొలంబియా కూడా ఆపేసింది.
కూచిపూడి చెప్పుకోవచ్చు, అరంగేట్రం ఆల్బమ్ మాత్రం మోసుకురావద్దు. ఒకమ్మాయి తెచ్చింది. ఒకబ్బాయి పూతరేకుల డబ్బా తెచ్చాడు. మేం ఏమీ తీసుకోకూడదు. రిపోర్టులో రాశాను.

హ్యూస్టన్ గోదారోడు:
రిపోర్టులో రాశారా! ఆత్రేయపురం పూతరేకులు లంచం ఎప్పుడయ్యాయండీ? పదిహేడేళ్ల పిల్లాడు, వాళ్లమ్మ చేతిలో పెట్టి పంపి ఉంటుంది. "వద్దు నాన్నా, ఇంటికి పట్టుకెళ్లు" అంటే పోయేదిగా.

బే ఏరియా బాబాయ్:
అలాగే అన్నాను. కానుక ఎవరైనా ఇవ్వబోతే తెలియజేయమని మాకు చెప్పారు. నా సొంత రూలు కాదు.

హ్యూస్టన్ గోదారోడు:
మరి ఆ రోజు కాఫీ ఎవరు కొన్నారో?

బే ఏరియా బాబాయ్:
నేనే. ఇద్దరికీ. రసీదు పెట్టమంటారా?

ప్లేనో పద్మ:
అబ్బబ్బ, పూతరేకులు వదిలేయండి. మా ఇంట్లో జరిగింది వినండి. అమ్మాయిని దింపి వచ్చేయమంటే మా ఆయన పక్క టేబుల్ దగ్గర లాప్‌టాప్ తెరుచుకుని కూర్చున్నారు. మధ్యలో ఉండబట్టలేక "రోబోటిక్స్ చెప్పు, రోబోటిక్స్" అని తెలుగులో అనేశారు. ఇంటర్వ్యూ చేస్తున్నావిడ ఇటు తిరిగి "నాకు తెలుగు వచ్చండీ" అందట. అయినా సీటొచ్చింది. ఇంటర్వ్యూతో ఒరిగేదీ లేదు, ఊడేదీ లేదు.

సన్నీవేల్ సుబ్బు:
అలా తీసిపారేయకండి. అడ్మిషన్లలో ఆసియా పిల్లల మీద వివక్ష చూపుతోందని వేసిన కేసులో 2018లో హార్వర్డ్ మీద విచారణ జరిగినప్పుడు ఏం బయటపడింది? ఎదురుగా కూర్చుని మాట్లాడిన పాత విద్యార్థులు మన ఆసియా పిల్లల వ్యక్తిత్వానికి తెల్లపిల్లలతో ఇంచుమించు సమానంగా మార్కులు వేశారు. ఆఫీసులో ఫైలు చూసినవాళ్లు తగ్గించారు. పిల్లను చూసినవాడి మాటకు విలువ లేదు, కాగితం చూసినవాడిదే రాజ్యం!

అట్లాంటా అన్నయ్య:
సగమే చెప్పారు. కావాలని చేసిన వివక్ష ఏమీ లేదని 2019లో ఆ విచారణ జరిపిన జడ్జే తీర్పిచ్చారు.

సన్నీవేల్ సుబ్బు:
2023 జూన్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. అది కూడా చెప్పండి మరి, మీదీ సగమేగా.

కూకట్‌పల్లి స్టూడెంట్:
అన్నా, మీరంతా కాఫీ షాపుల గురించి మాట్లాడుతున్నారు. నాది రాత్రి పదింటికి జూమ్‌లో. మధ్యలో కరెంటు పోయింది. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి, ఎమర్జెన్సీ లైటు మొహం మీద పెట్టుకుని మాట్లాడాను. ఆయన అరగంట ఇన్వర్టర్ల గురించే అడిగాడు! నా భయం అది కాదు. నాది ఎర్లీ డెసిషన్. నేను, నాన్న, స్కూల్ కౌన్సెలర్ ముగ్గురం సంతకం పెట్టాం. సీటొస్తే వెళ్లి తీరాలి. ఎయిడ్ (ఖర్చుకు కాలేజీ ఇచ్చే సాయం) సరిపోకపోతే వదులుకోవచ్చంటారు, సరిపోలేదని ఎవరు తేలుస్తారు?

అమీర్‌పేట కౌన్సెలర్:
మంచి ప్రశ్న తమ్ముడూ. మా దగ్గర 5 మాక్ ఇంటర్వ్యూల ప్యాకేజీ ఉంది, ఇన్‌బాక్స్ చేయండి.

బే ఏరియా బాబాయ్:
ఓహో, బట్టీ పట్టించి పంపేది మీలాంటివాళ్లేనా? పోయిన ఏడాది ముగ్గురు పిల్లలు వరసగా "వైఫల్యమే నా గురువు" అన్నారు. మూడోవాణ్ణి ఆ గురువుగారు ఏం నేర్పారని అడిగితే నీళ్లు నమిలాడు.

అమీర్‌పేట కౌన్సెలర్:
మాటలు తిన్నగా రానివ్వండి సార్. అందరి ఇళ్లలో ఇంగ్లీషు మాట్లాడే అమ్మానాన్నలు ఉండరు. ఆ పిల్లలకు ఎవరో ఒకరు నేర్పాలిగా.

ఫ్రిస్కో నాన్న:
ఈ మాట మాత్రం నిజం. కూకట్‌పల్లి బాబూ, ఎయిడ్ చాలకపోతే కాలేజీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకు రాయి, మళ్లీ చూడమని. అప్పటికీ మీవల్ల కాకపోతే వదిలేయొచ్చు. సంతకం పెట్టావు కదా అని ఇల్లు అమ్ముకోనక్కర్లేదు.

ఎడిసన్ అమ్మ:
ఫ్రిస్కో నాన్నగారూ, మీ నోటిమాట చలవ! ఏడో క్లాసులో తెరిచిన ఐడీ ఇచ్చిందట మహాతల్లి. మెయిల్ వచ్చి నాలుగు రోజులైంది. ఆలస్యమైందని క్షమాపణ రాయించాను, వెంటనే జవాబిచ్చారు. ఆదివారం లైబ్రరీలో. ఇంతకీ ఏం వేసుకోవాలో ఒక్కరూ చెప్పలేదు.

ప్లేనో పద్మ:
ఇస్త్రీ చేసిన చొక్కా ఏదైనా సరే. మీ ఆయన్ని మాత్రం కార్లోంచి దిగనివ్వకండి.